పువ్వుతో ఆర్పిన దీపం

విరిగిన యంత్రం కన్నా ముందు భాగీరథమ్మ కంటపడింది హనుమంతరాయప్ప గొడుగు.

మిల్లు షెడ్డు తలుపుకు ఆనించి ఉంది. తెలుగు మాట్లాడే కన్నడనాటి పావగడలో వరసగా మూడో ఏడు కరువు. ఆకాశం వైపు చూడడం జనం మానేశారు గాని, ఈ లాయరు మాత్రం గొడుగు మానలేదు. ఎండకట. ఎండలో నడిచే ఖర్మ ఆయనకు పట్టిందెప్పుడు? మిల్లు యజమానులు జీపులు పంపుతారు. బస్టాండు నుంచి బలసముద్రం రోడ్డు పట్టి కుంటుకుంటూ వచ్చింది భాగీరథమ్మ.

పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులుగా చేసి, మోకాళ్ళు మొరాయిస్తే రాజీనామా ఇచ్చిన మనిషి. ఇప్పుడు లాయర్లకూ కార్మిక సంఘాలకూ నిజాలు తవ్విపెట్టడం ఆవిడ పని. ఇంట్లో కూర్చున్నా మోకాళ్ళు నొప్పే, బయట తిరిగినా నొప్పే. బయటయితే ఎవరో ఒకరు కాఫీ ఇస్తారు. ఇంట్లో ఆ కాఫీ తనే పెట్టుకోవాలి. వృత్తి కొనసాగించడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఈ మధ్య ఆవిడకు కనబడడం లేదు.

"రాండి భాగీరథమ్మా, రాండి," అన్నాడు హనుమంతరాయప్ప లోపలినుంచి. "మీరొస్తారని ఏదీ ముట్టనీకుండా పెట్టించినా. నేను గూడ ముట్టలేదు."

"మీరు ముట్టుకోకుండానే తీర్పు రాసేస్తారు గదా లాయరప్పా. ముట్టేదెందుకు?"

ఆయన నవ్వాడు. తిట్టినా నవ్వడం ఆయన వృత్తిలో భాగం. ఏ కార్మికుడి మీదైనా నేరం మోపినప్పుడు, పనిలోంచి తీసే ముందు యజమాని విచారణ జరిపించాలి. ఆ విచారణకు అధికారిగా చుట్టుపక్కల మిల్లులన్నీ ఈయన్నే పిలుస్తాయి. ఇంతవరకు ఈయన విచారణలో నిర్దోషిగా బయటపడిన కూలి మనిషి లేడు. భాగీరథమ్మ ఆయన్ని ఇప్పటికి మూడు కేసుల్లో ఎదుర్కొంది. రెండు ఓడింది, మూడోది ఇంకా లేబర్ కోర్టులో నానుతోంది.

ఈసారి నేరం తిమ్మక్క మీద పడింది.

నారప్ప సావుకారి మిల్లులో వేరుశెనగ కాయలు కొట్టే యంత్రం ఒక్కటే. అది కాయ పగలగొడితే, గింజలు చెరిగి, పుచ్చులూ ముక్కలూ ఏరి మూటకెత్తేది నలభై మంది ఆడవాళ్ళు. పంటలు ఎండిపోయి సరుకు తగ్గిన ఈ ఏడు, వాళ్ళనందరినీ మాన్పించి కంట్రాక్టరు ద్వారా కూలీల్ని తెచ్చుకుంటానన్నాడు నారప్ప. ఆడవాళ్ళు ఊరుకోలేదు. తిమ్మక్క ముందుండి తుమకూరు లేబర్ ఆఫీసరుకు అర్జీ పెట్టించింది. ఆఫీసరు రెండు పక్షాలనూ రాజీ మాటలకు పిలిచాడు. ఆ మాటలు నడుస్తున్నంత కాలం, ఆ తగాదాకు సంబంధించి ఆఫీసరు లిఖితపూర్వకంగా ఒప్పుకోనిదే ఎవర్నీ పనిలోంచి తీయకూడదు. అది చట్టం. నారప్పకు గొంతులో ముల్లు.

ఆయుధపూజ సాయంత్రం ఆ ముల్లు దానంతట అదే ఊడి వచ్చింది. పూజ ముగించి అందరూ ఇళ్ళకు పోయాక ఎవరో వెనక కిటికీలోంచి దూరి, యంత్రం కడుపులో గడ్డపార నిలబెట్టి మోటారు వేశారు. లోపలి కమ్ములు విరిగాయి, బెల్టు తెగింది, మోటారు కాలింది. చీకటి పడే ముందు తిమ్మక్క కంచె దగ్గర తచ్చాడడం చూశానని వాచ్‌మన్ చెప్పాడు. తెంచుకున్న మేకపిల్ల కోసం వచ్చానంటుంది తిమ్మక్క. మేకపిల్ల సాక్ష్యం చెప్పదు.

ఈ మధ్యాహ్నం తుమకూరులో రాజీ మాటలు. తిమ్మక్కను తీసేయడానికి అనుమతి ఇమ్మని నారప్ప మేనేజరు అక్కడ అడగబోతున్నాడు. అనుమతి దొరికితే తిమ్మక్క కూడు పోవడమే కాదు, మిగతా ముప్పై తొమ్మిది మందికి నోరు పడిపోతుంది. ఆడవాళ్ళ తరపున మాట్లాడేందుకు యంత్రం నడిపే డ్రైవరు చిక్కన్న తొలి బస్సుకే తుమకూరు పోయాడు. మిల్లు కూలీల సంఘం సెక్రటరీ అతనే. వాళ్ళలో ఆఫీసరు ముందు కన్నడంలో గడగడ మాట్లాడగలిగింది అతనొక్కడే. భాగీరథమ్మను ఈ కేసుకు పిలుచుకొచ్చిందీ అతనే. "సావుకారే చేయించినాడక్కా. అది తేల్చి, నాకు ఆఫీసుకు ఫోన్ చెయ్. మిగతాది నేను చూసుకుంటా," అని చెప్పి మరీ పోయాడు.

భాగీరథమ్మ కొంగు నడుముకు దోపుకొని యంత్రం ముందు కూర్చుంది. కూర్చోవడం సులభమే. లేచేటప్పుడు ఏ దేవుడు దిగివస్తాడో చూడాలి.

"చూసేకి ఏముండాది?" అన్నాడు హనుమంతరాయప్ప. "గడ్డపార ఉండాది, విరిగిన మిషను ఉండాది. కడుపు మంట పట్టలేక చేసిన పని."

"కడుపు మంట ఉన్నోళ్ళు పూలమాల ఎట్ల తీస్తారు లాయరప్పా?"

"ఎట్ల తీస్తారు?"

"పీకి పారేస్తారు. దాన్ని చూడండి."

గోడకు మేకు. మేకుకు బంతిపూల మాల. నాలుగు రోజులకు వాడి నల్లబడింది గాని దారం తెగలేదు, ఒక్క పువ్వూ రాలలేదు. యంత్రం నోటి చుట్టూ కట్టిన ఆ మాలను ముడి విప్పి మరీ తీశారు. ముడి దగ్గర దారం మెలికలు అట్లాగే ఉన్నాయి.

భాగీరథమ్మ వంగి నేల చూసింది. యంత్రం కాళ్ళ దగ్గర కలశం చెంబు. దాని పక్కన పసుపు బియ్యం గుండ్రంగా పరిచి, నడుమ ఖాళీ వలయం. చెంబు కూర్చోవలసింది ఆ వలయంలో. అది అక్కడ లేదు. జానెడు ఉత్తరానికి జరిగి ఉంది. తన్నితే దొర్లేది. దొర్లలేదు. చెంబు మీది టెంకాయ కూడా చెదరలేదు.

"ఎవరి కాలో తగిలింటాది," అన్నాడు లాయరు.

"కాలు తగిలితే నీళ్ళు ఒలుకుతాయి. బియ్యంలో తడి మరక లేదు." ఆవిడ ప్రమిదను దగ్గరికి జరుపుకుంది. అందులో సగానికి పైగా నూనె. ఒత్తి చివర నల్లగా మాడిన బంతి రెక్క అతుక్కుని ఉంది. "ఇది చూసినారా?"

"దీపం. ఆరిపోయింది."

"నూనె ఉండగా ఎందుకు ఆరింది? గాలికి ఆరితే ఒత్తికి పువ్వు అంటుకోదు. నోటితో ఊదకూడదని పువ్వుతో అదిమినారు. మీ ఇంట్లో ఎప్పుడైనా దీపం మీరు కొండెక్కించినారా?"

"మా ఇంట్లో ఆ పనులన్నీ మా ఆడోళ్ళు చూసుకుంటారు."

"అదే అనుకున్నా."

హనుమంతరాయప్ప కళ్ళు చిన్నవయ్యాయి. ఎదుటివాళ్ళ మాటలోంచే తన ఆధారాన్ని తీసుకోవడంలో ఆయన దిట్ట. "అయితే మీరే చెప్తా ఉండారు గదా, ఆడమనిషి పనేనని! మాల విప్పడం, కలశం జరపడం, పువ్వుతో దీపం ఆర్పడం. ఇంకెవరు చేస్తారు? మీ మాట నా నివేదికలో రాసుకుంటా. భాగీరథమ్మ గారు కనిపెట్టినట్టుగానే రాస్తా, పేరు మీకే ఉంటాది."

"రాసుకోండి. దాని కింద ఇంకో వాక్యం గూడ రాయండి." ఆవిడ యంత్రం చక్రం పట్టుకుని లేచింది. మోకాలు ఒక మాట అంది. ఆవిడ వినిపించుకోలేదు. "ఆయుధపూజ దేవుని తెల్లారేదాకా కదిలించకూడదు. కలశం ఉత్తరానికి జరిపితే దేవుని లేపి పంపినట్టు. ఎవరి చెయ్యి కలశం పెట్టి దేవుని కూచోబెట్టిందో, ఆ చెయ్యే లేపాల. కూచోబెట్టినోడికే ఆ భయం ఉంటాది. నేను పిలిస్తే వచ్చి ఈ మిషన్లో కూచున్న దేవుడు, ఆయన ఉండగానే కడుపులో గడ్డపార దింపితే నా గతేమని. చూసేకి వచ్చినోళ్ళు దండం పెట్టి గుగ్గుళ్ళు తిని పోతారు. వాళ్ళకు ఈ పట్టింపు ఎందుకు? తిమ్మక్క నిజంగా కోపంతో వచ్చింటే, కలశం ఈపాటికి ఆ మూలన ఉండేది."

"భక్తి ఎక్కువైన నేరస్థుడు అంటారు."

"ఈ తాలూకాలో ఇంకో రకం ఉండారా?"

లాయరు ఈసారి నవ్వలేదు. "పూజ ఏటా చేసేది సావుకారు. మిల్లు పెట్టినప్పటినుంచి ఆయనే. అంటే సొంత మిషన్ను సొంత యజమానే విరగ్గొట్టుకున్నాడని నన్ను రాయమంటారా?"

"పాత మిషను పోతే కొత్తది కొనుక్కుంటాడు. తిమ్మక్క పోతే నలభై మంది పోతారు. ఏది చవకో ఆయనకు తెలీదా?"

అప్పటికి ఆవిడకు కేసు తేలిపోయినట్టే అనిపించింది. తొందరగా తేలిన కేసూ తొందరగా ఉడికిన పప్పూ ఒకటే, నోట్లో పెట్టుకుంటే గాని పలుకు తగలదు.

పలుకు మిల్లు ఆఫీసు వసారాలో తగిలింది.

నారప్ప కుర్చీలో కూర్చోలేదు. గోనెపట్టా పరుచుకుని కింద కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది. ఎప్పుడూ రూపాయి బిళ్ళంత కుంకుమ ఉండే నొసలు ఖాళీ. భాగీరథమ్మ దగ్గరికి పోబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఆడ్నే ఉండమ్మా. నన్ను తాకొద్దు."

"ఏమైంది సావుకారే?"

"మా చిన్నాయన పోయినాడు. ఇంకా పెద్ద దినం కాలేదు. సూతకం."

"ఆయన పోయింది పూజకు ముందా, తరవాతా?"

"ముందే. రెండు దినాలు ముందు."

"మరి పూజ?"

"సూతకంలో పూజ చేస్తానామ్మా? కలశం ముడతానా? నేను గేటు బయటే నిలబడుకున్న. గుమ్మడికాయ గూడ నేను కొట్టలేదు. మా ఇంటి వాళ్ళు ఎవరూ ఈ పక్కకే రాలేదు. ఊర్లో ఎవర్నన్నా అడుగు."

అడగనక్కరలేదు. ఈ ఒక్క విషయంలో నారప్ప అబద్ధం చెప్పడు. ఆఫీసరును మోసం చేయగలడు, తూకాన్ని మోసం చేయగలడు. సూతకాన్ని మోసం చేసే ధైర్యం ఆయన వంశంలోనే ఎవరికీ లేదు.

"మరి చేసిందెవరు?"

నారప్ప గోనెపట్టా పీచు ఒకటి లాగాడు. "ఎవరో ఒకరు. పని చేసేవాళ్ళలోనే."

"మీ మిల్లులో, మీ మిషనుకు, ఎవరు పూజ చేసినారో మీకు తెలీదా?"

"గేటు బయట ఉన్నోడికి లోపల ఏం కనబడతాది?"

"పూజ చెయ్యమని మీరు ఎవరికీ చెప్పలేదా?"

"నువ్వు నన్ను విచారించేకి వచ్చినావా, పరామర్శకు వచ్చినావా?" గొంతు లేచింది. "పోమ్మా. విచారణ చేసేకి ఆ లాయరప్ప ఉండాడు. నాకు ఆయన్తో సరిపోతాది."

సంచిలో ఎన్ని పుచ్చు గింజలున్నాయో పైనుంచి చూసి చెప్పే మనిషి, తన దేవుణ్ణి ఎవరు కూర్చోబెట్టారో తెలియదంటున్నాడు. భాగీరథమ్మ వసారా దిగింది. యజమాని మీద అల్లుకున్న కథంతా సూతకం దెబ్బకు కూలిపోయింది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఫోన్ ఉన్న పోస్టాఫీసు ఊళ్ళో ఉంది.

"ఎక్కండి," అన్నాడు హనుమంతరాయప్ప జీపులోంచి. "ఎంత శత్రువునైనా ఈ ఎండలో నడిపించను."

శత్రువు జీపు అని మోకాలికి తెలియదు. ఆవిడ ఎక్కింది.

గొడుగు ఇద్దరి మధ్య మూడో మనిషిలా కూర్చుంది.

"ఎందుకమ్మా ఈ వయసులో మీకు ఈ తిరుగుడు?" అన్నాడు లాయరు. ఆ గొంతులో ఎకసెక్కం కన్నా అలసటే ఎక్కువ ఉంది. "నేను నివేదిక రాస్తా. మీరు దాన్ని తప్పంటారు. రాజీ కుదరలేదని ఆఫీసరు పైకి రాస్తాడు. సర్కారు లేబర్ కోర్టుకు పంపుతాది. ఆడ వాయిదాలు. తీర్పు వచ్చేపాటికి తిమ్మక్కకు మనవళ్ళు పుడతారు."

"అది తెలిసే గదా మీ పక్క వాళ్ళు కోర్టుకు పోదామంటారు."

"ఈసారి కోర్టు దాకా పోదులే."

ఆవిడ తల తిప్పింది. "అంటే?"

"ఈ రోజే రాజీ కావచ్చు. మీ చిక్కన్న బుద్ధిమంతుడు, నాలుగూ తెలిసినోడు. ఆఫీసరు ముందర కూచొని రెండు పక్కలా సంతకాలు పెట్టినారంటే, అది పెట్టినోళ్ళకే కాదు, మిల్లులో పని చేసే అందరికీ కట్టుబాటు. నాకు ఇష్టం లేదని తరవాత ఎవరు మొత్తుకున్నా చెల్లదు. మీకు తెలీని చట్టం కాదు గదా."

"తెలుసు. అందుకే ఆడోళ్ళు నమ్మకమైనోణ్ణి పంపినారు." ఆవిడ గొడుగును కొంచెం అవతలికి నెట్టింది. "మీకీ మాట ఎవరు చెప్పినారు, రాజీ అవుతాదని?"

"మేనేజరు పొద్దున ఉత్సాహంగా పోయినాడు. నాకు ఫీజు ముందే ఇచ్చేసినారు, ఇంక నివేదిక నిదానంగా రాయమన్నారు. నిదానంగా రాయమని ఇంతవరకు నాకెవరూ చెప్పలేదమ్మా. కొంచెం అవమానంగానే ఉండాది."

"కంట్రాక్టు ఎవరికిస్తా ఉండాడు సావుకారు? కూలీల్ని తెచ్చేదెవరు?"

"అది నా విచారణ పరిధిలోకి రాదు," అన్నాడాయన, కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ. కొంచెం ఆగి, "నేను అడిగినా. నాకూ చెప్పలేదు," అన్నాడు.

పోస్టాఫీసు అరుగు మీద తిమ్మక్క కాచుకుని ఉంది. సన్నటి మనిషి. మిల్లులోకి రావద్దన్నారు గనక అక్కడికి రాలేదు. ఇంట్లో ఉండమన్నా ఉండలేక ఇక్కడికి వచ్చింది. జీపులోంచి దిగుతున్న భాగీరథమ్మనూ, వెనక లాయర్నూ చూసి లేచి నిలబడింది.

"అక్కా, ఆయప్ప జీపులో వచ్చినావేంది?"

"నా కాళ్ళు ఆయప్ప పార్టీలో చేరినాయి. నేను చేరలేదులే." భాగీరథమ్మ కిటికీ దగ్గర తుమకూరు లేబర్ ఆఫీసుకు ట్రంకు కాల్ బుక్ చేసి వచ్చి అరుగు మీద కూలబడింది. లోపలి గుమాస్తా, లైను దొరికినప్పుడు పిలుస్తానన్నాడు.

"ఏమన్నా దొరికిందా? నా పని ఉంటాదా?"

"ఒక్క మాట చెప్పు తిమ్మక్కా. పూజ అయినాక తలుపేసేటప్పుడు దీపం వెలుగుతా ఉన్నిందా?"

"బాగా వెలుగుతా ఉన్నింది. తెల్లార్లూ ఉండాలని ప్రమిద నిండా నూనె పోయించినాడు గదా."

"ఎవరు?"

"చిక్కన్న."

భాగీరథమ్మ అరుగు మీద నిటారుగా కూర్చుంది.

"పూజ చేసింది చిక్కన్నా?"

"మరింకెవరు? సావుకారికి సూతకం వచ్చె. పూజ నువ్వు చెయ్యప్పా అని మేమంతా ఆయప్పనే పట్టుకొంటిమి. ఆ మిషన్ను ఆయప్ప కన్నా బాగా చూసుకునేదెవరు? పొద్దున్నుంచి ఏమీ తినకుండా, తలకు పోసుకొని, తడిగుడ్డతో కలశం పెట్టినాడు. మాల గూడ ఎవర్నీ కట్టనీలేదు. హారతి ఇచ్చేటప్పుడు ఏడ్చినాడక్కా. పన్నెండేండ్లు అన్నం పెట్టిన తల్లి అని." తిమ్మక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఎవరు పాడు చేసినారో గాని, మాకన్నా ఆయప్ప కడుపే ఎక్కువ కాలింటాది."

అరుగు కింద నిలబడి వింటున్న హనుమంతరాయప్ప వెనక్కి తిరిగాడు. ఆయన మెల్లగా జీపులోకి చెయ్యి పెట్టి కాగితాల సంచి తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

భాగీరథమ్మకు ఒక్కసారిగా ఒక్క పూట అలసట నలభై ఏళ్ళదిగా మారింది. సావుకారే చేయించాడక్కా అన్నాడు చిక్కన్న. అబద్ధం ఆడలేదు. చేయించింది సావుకారే. చేసిందెవరో మాత్రం చెప్పలేదు. అడగవలసిన తను, పిలుచుకొచ్చిన మనిషిని అడగలేదు. ఏది తేలినా ముందు తన చెవినే పడాలని అతను పిలుచుకొచ్చాడని తట్టలేదు. కూలీల్ని తేబోయే కంట్రాక్టరు పేరు ఎవరూ ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసింది. ఆ కంట్రాక్టరు చిక్కన్నే. ఆ పేరు చెబితే, నలభై మంది తరపున సంతకం పెట్టడానికి ఈ రోజు తుమకూరు పోయేవాడు ఉండడు.

"తిమ్మక్కా, ఏం ఒప్పుకోవాలో, ఏం ఒప్పుకోకూడదో చిక్కన్నకు మీరు చెప్పి పంపినారా?"

"చెప్పేదేముండాది? నీ ఇష్టం అన్నాం. నువ్వెట్ల చెప్తే అట్ల, మా అందరి చెయ్యీ నీ చెయ్యే అన్నాం." తిమ్మక్క ఆవిడ ముఖం చూసి ఆగిపోయింది. "ఏమైందక్కా?"

"తుమకూరు లైన్!" అని లోపలినుంచి కేక. "ఎవరమ్మా బుక్ చేసింది? మాట్లాడండి, బిరీన!"

మోకాలి సంగతి మరిచి భాగీరథమ్మ లోపలికి ఉరికింది. రిసీవరులో గాలి హోరు, దాని వెనక ఎక్కడో టైపు మిషను చప్పుడు. అవతల ఎవరో కన్నడంలో ఆగమన్నాడు. ఆఫీసరును పిలవమని ఆవిడ చెప్పేలోపే ఫోన్ చేతులు మారింది.

"అక్కా, నేనే, చిక్కన్నను." గొంతు హాయిగా ఉంది. "సావుకారే అని తేలిందా?"

గుమ్మంలో తిమ్మక్క, ఆమె భుజం మీదుగా లాయరు. ఇద్దరూ ఆవిడ నోటి వైపే చూస్తున్నారు.

"సంతకాలు అయినాయా చిక్కన్నా?"

"ఇప్పుడే టైపు చేస్తా ఉండారు. నువ్వు దిగులు పడొద్దు, అంతా మంచికే చేస్తా ఉండా. నీకేం దొరికిందో చెప్పు."

ఊళ్ళోనే ఉంటే పరుగెత్తేది. అరవై మైళ్ళ అవతల ఉన్న మనిషిని ఒక ఫోన్ తీగ పట్టి ఆపాలి.

"ఫోన్ ఆఫీసరు సార్‌కు ఇయ్యి."

"ఎందుకక్కా? నాకు చెప్పరాదా?"

"ఆయనకే చెప్పాల."

టైపు మిషను ఆగింది. ఎవరో కాగితం లాగిన చప్పుడు.

"పూజ సంగతి తిమ్మక్క చెప్పిందా?" అన్నాడు చిక్కన్న. ఆ గొంతులో కోపం లేదు, భయం కూడా లేదు. "కదిలించే కొట్టినానక్కా. దేవుడు లోపల ఉండగా కొట్టలేదు."

అవతల రిసీవరు పెట్టేశాడు.

భాగీరథమ్మ తిరిగి చూసేసరికి గుమాస్తా మళ్ళీ లైను కోసం చక్రం తిప్పుతూ, దొరకదని తల అడ్డంగా ఊపుతున్నాడు. తిమ్మక్క గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"లాయరప్పా," అంది భాగీరథమ్మ, "జీపులో తుమకూరు దాకా డీజిల్ ఉండాదా?"